ఫ్లోరైడా, కాల్షియమా, ఉప్పా, బొగ్గా? పంటి ఎనామిల్‌కి ఏ పేస్టు పనికొస్తుందో చూసి కొనండి

పాలకొల్లు దగ్గర మాకు చిన్న మందుల షాపు ఉంది. షుగర్ మాత్రలు, గ్యాస్ బిళ్లల తర్వాత కౌంటర్ దగ్గర నేను ఎక్కువగా మాట్లాడేది టూత్‌పేస్టు గురించే. ఒకాయన వచ్చి "ఉప్పుండేది ఇవ్వండి" అంటారు, ఒకావిడ "కాల్షియం ఎక్కువున్నది కావాలండి, మావాడి పళ్లు గట్టిగా లేవు" అంటారు, డిగ్రీ కుర్రాళ్లకి నల్లటి బొగ్గు పేస్టు కావాలి, ఈ మధ్య మరీ ఎక్కువైంది ఏంటంటే ఫోన్లో వాట్సాప్ మెసేజ్ చూపించి "ఫ్లోరైడ్ లేనిదే ఇవ్వండి, అది విషమంట కదా" అని అడిగేవాళ్లు. వెనక ఇంకో నలుగురు చీటీలు పట్టుకుని నిలబడి ఉంటే ఎవరికీ పూర్తిగా చెప్పడం కుదరదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లోవాళ్లకి పళ్లు పుచ్చకుండా ఉండాలంటే 1000 పీపీఎం (అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము) ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టు చాలు, షాపులో అన్నిటికంటే చవకది అయినా పర్వాలేదు. హైడ్రాక్సీఅపటైట్, పొటాషియం, గాజుపొడి లాంటి రకం, పాల ప్రొటీన్ రకం, ఇవన్నీ ఒక్కో ఇబ్బందికి ఒక్కోటి పనికొస్తాయి, అందరికీ అక్కర్లేదు. ఎనామిల్‌కి, అంటే పన్ను మీది గట్టి తొడుగుకి, ఉప్పు, బొగ్గు చేసే మేలు ఏమీ లేదు. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే పంటి మీద రోజూ ఏం జరుగుతోందో తెలియాలి.

కోత, మేట

గోదావరి పక్కన పెరిగినవాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. లంకల్లో చూడండి, ఒక వైపు గట్టు కోసుకుపోతూ ఉంటుంది, ఇంకో వైపు ఒండ్రు మేట వేస్తూ ఉంటుంది, రెండూ సరికి సరి ఉన్నన్నాళ్లూ లంకకి ఏమీ కాదు. పంటి మీదా రోజూ జరిగేది ఇదే. ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన హైడ్రాక్సీఅపటైట్ అనే సన్నటి స్ఫటికాలు. మన ఒంట్లో దీనికంటే గట్టి పదార్థం ఇంకోటి లేదు, ఎముక కూడా దీని తర్వాతే. కానీ అందులో జీవకణాలు ఉండవు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామిల్ పోతే మళ్లీ పుట్టదు.

మనం తీపి తినగానే పళ్ల మీద పాచిలో ఉన్న సూక్ష్మజీవులు ఆ చక్కెర తిని ఆమ్లం వదులుతాయి. అక్కడ పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కంటే కిందికి దిగితే స్ఫటికాల్లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోతాయి. అది కోత. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచేసి, తనలో ఉన్న కాల్షియం, ఫాస్ఫేట్‌ని మళ్లీ పంటి మీదికి చేరుస్తుంది. అది మేట. భోజనం అయ్యాక ఒక ఆత్రేయపురం పూతరేకు తింటే ఒక కోత, దాని వెనకే మేట, సరిపోయింది. అదే పొద్దుటి నుంచి గంటకోసారి చక్కెర టీ తాగుతూ, మధ్యమధ్యలో కాజా ముక్క కొరుకుతూ కూర్చుంటే మేట వేయడానికి సమయమే దొరకదు. ఎంత తిన్నాం అనేదానికంటే ఎన్నిసార్లు తిన్నాం అన్నదే పంటికి లెక్క.

కోత గెలుస్తున్నప్పుడు మొదట కనపడేది రంధ్రం కాదు, తెల్లటి మచ్చ. సున్నం చుక్క పడినట్టు, మెరుపు పోయి, చిగురు దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. పైపొర ఇంకా నిలబడే ఉంటుంది, లోపల ఖనిజం పలచబడి ఉంటుంది. ఈ దశలో పేస్టులోని ఖనిజాలు నిజంగా పనిచేస్తాయి, మచ్చ గట్టిపడి ఆగిపోతుంది. పైపొర కూలి రంధ్రం పడ్డాక మాత్రం ప్రపంచంలో ఏ పేస్టూ దాన్ని పూడ్చలేదు. గట్టు ఏట్లో పడిపోయాక ఒండ్రు పోసి ఏం లాభం, అక్కడ రాతికట్టు కట్టాల్సిందే, అంటే డాక్టరు దగ్గర సిమెంటు పెట్టించుకోవాల్సిందే. "పుచ్చు మానిపోయే పేస్టు ఇవ్వండి" అని అడిగేవాళ్లని నేను పేస్టు ఇవ్వకుండానే పళ్ల డాక్టరు దగ్గరికి పంపేస్తాను.

ఫ్లోరైడ్: మేటని గట్టిపరిచేది

ఫ్లోరైడ్ చేసే పని రెండు రకాలు. లాలాజలంలో ఉన్న కాల్షియం, ఫాస్ఫేట్ పంటి మీదికి త్వరగా చేరేలా చేస్తుంది, అలా చేరిన కొత్త పొర పాతదానికంటే గట్టిగా ఉంటుంది. మామూలు ఎనామిల్ 5.5 దగ్గర కరగడం మొదలుపెడితే, ఫ్లోరైడ్ కలిసిన స్ఫటికం దాదాపు 4.5 దాకా తట్టుకుంటుంది. చూడ్డానికి ఒక్క అంకె తేడా, కానీ పీహెచ్ లెక్కలో ఒక్క అంకె అంటే ఆమ్లం పది రెట్లు.

ఇంకో సంగతి, ఇది పంటి పైన ఉండి పనిచేస్తుంది, మింగితే కాదు. రోజుకి రెండుసార్లు కొద్దికొద్దిగా పంటి మీద నిలబడటమే దానికి కావాల్సింది.

పేస్టు డబ్బా వెనక చూస్తే ఫ్లోరైడ్ మూడు పేర్లలో కనిపిస్తుంది. సోడియం ఫ్లోరైడ్, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్, స్టానస్ ఫ్లోరైడ్. మొదటిది నోట్లో పడగానే ఫ్లోరైడ్‌ని వదిలేస్తుంది. కానీ అది సుద్దపొడితో, అంటే కాల్షియం కార్బొనేట్‌తో కలిస్తే ట్యూబులోనే రెండూ కలిసి గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి, అందుకే సోడియం ఫ్లోరైడ్ పేస్టుల్లో సుద్ద బదులు సిలికా వాడతారు. మన దగ్గర చవక తెల్ల పేస్టుల్లో ఎక్కువగా ఉండేది సుద్దే, వాటిలో రెండో రకం వేస్తారు. ఆ రకం నోట్లోని ఎంజైముల వల్ల విడిపోయి పనిచేస్తుంది. పుచ్చు ఆపడంలో ఈ రెండింటికీ మీరు డబ్బులు పెట్టేంత తేడా లేదు. మూడోది, స్టానస్ ఫ్లోరైడ్, తగరం కలిసినది. ఇది చిగుళ్ల దగ్గర సూక్ష్మజీవుల్ని కూడా తగ్గిస్తుంది, పులుపు వల్ల అరిగే పళ్లకి మిగతా రెండింటికంటే బాగా కాపు కాస్తుంది, జివ్వుమనడమూ తగ్గుతుంది. ధర ఎక్కువ, కొందరికి పళ్ల మీద కొంచెం గోధుమరంగు మరక పట్టొచ్చు, అది క్లీనింగ్‌లో పోతుంది.

ఎంత ఉందో కూడా చూడాలి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని నిబంధన ఉంది, ఆ అంకె ట్యూబు మీదా డబ్బా మీదా రాయాలి. యూరప్‌లో 1500 దాకా ఒప్పుకుంటారు, అందుకే విదేశాల నుంచి అబ్బాయి తెచ్చిన ట్యూబు మీద 1450 అని కనిపిస్తే కంగారు పడకండి, పెద్దవాళ్లు వాడుకోవచ్చు. అదే 500 లోపుంటే పుచ్చు ఆపే బలం తగ్గిపోతుంది. పిల్లల బొమ్మలున్న పేస్టుల్లో కొన్నిటిలో అంతే ఉంటుంది, కొన్నిటిలో అసలే ఉండదు. స్ట్రాబెర్రీ వాసన చూసి కాదు, వెనక అంకె చూసి కొనండి.

ఆ వాట్సాప్ భయం గురించి

ఫ్లోరైడ్ అంటే భయపడేవాళ్లని నేను తప్పు పట్టను. మన తెలుగు నేల మీద ఫ్లోరైడ్ చేసిన నష్టం చిన్నది కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బుని వైద్యులు గుర్తించి రాశారు. ఆ తర్వాత నల్గొండ గురించి తెలియనివాళ్లు లేరు, నడుము వంగిపోయిన మనుషుల ఫోటోలు చూసి ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. పటికా సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ పద్ధతి అనే పేరే పడింది.

కానీ అక్కడ జరిగింది తాగే నీళ్లతో. తాగునీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్వాలేదు అని మన ప్రమాణం. లీటరుకి 4 మిల్లీగ్రాములున్న నీళ్లు రోజుకి మూడు లీటర్లు తాగితే 12 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోయినట్టు, అది ఏళ్ల తరబడి. మరి పేస్టు? 1000 పీపీఎం అంటే గ్రాముకి 1 మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టు పావు గ్రాము ఉంటుంది, మొత్తం మింగేసినా పావు మిల్లీగ్రామే. అదీ మనం మింగం, ఉమ్మేస్తాం. ఈ లెక్క చెప్పాక కూడా వద్దు అంటే వారిష్టం, నేను బలవంతం చేయను, అప్పుడు హైడ్రాక్సీఅపటైట్ ఉన్నది చూపిస్తాను.

మన డెల్టాలో పరిస్థితి వేరు. ధవళేశ్వరం నుంచి కాలువల్లో వచ్చే నది నీళ్లలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే ఉంటుంది. బోరు నీళ్లు ఊరిని బట్టి, లోతుని బట్టి మారతాయి, అనుమానం ఉంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించుకోండి. పిల్లల ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు రెండు వైపులా ఒకేలా కనిపిస్తే ముందు ఆ పని చేయండి. ఇక రొయ్యల చెరువులు వచ్చాక మా వైపు సగం ఊళ్లు డబ్బా నీళ్ల మీదే బతుకుతున్నాయి. మినరల్ వాటర్ అని పిలుస్తాం గానీ ఆర్వో ఫిల్టరు ఖనిజాల్లో ఎక్కువ భాగాన్ని తీసేస్తుంది, ఫ్లోరైడ్‌తో సహా. అంటే ఆ నీళ్లు తాగే ఇంట్లో పళ్లకి ఫ్లోరైడ్ అందే దారి దాదాపు పేస్టు ఒక్కటే. అలాంటి ఇంట్లో ఫ్లోరైడ్ లేని పేస్టు కొనడం నాకు మనసొప్పదు.

కాల్షియం అని రాసుంటే అది ఏ కాల్షియం?

ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో కాల్షియం అని ఉంటుంది, వెనక చూస్తే కాల్షియం కార్బొనేట్. అది సుద్ద. దాని పని పాచిని రుద్ది తీయడం. కొంచెం ఆమ్లాన్ని విరుస్తుంది కూడా, మంచిదే, కానీ ఆ సుద్ద వెళ్లి మీ ఎనామిల్‌లో కూర్చోదు. కాల్షియం పేరు చూసి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు.

నిజంగా పంటికి పనికొచ్చేలా తయారుచేసిన కాల్షియం రకాలు వేరే ఉన్నాయి. హైడ్రాక్సీఅపటైట్ అంటే ఎనామిల్ దేంతో తయారైందో అదే పదార్థం, చాలా సన్నటి రేణువులుగా చేసి పేస్టులో కలుపుతారు. జపాన్‌లో 1980లోనే ఇలాంటి పేస్టు అమ్మకానికి వచ్చింది, 1993లో పుచ్చు నివారించే పదార్థంగా అక్కడ ఆమోదం కూడా దొరికింది. పంటి మీది సన్నటి గరుకులని నింపుతుంది, నునుపు వస్తుంది, జివ్వుమనడం తగ్గుతుంది, మింగినా భయం లేదు. కొన్ని పరీక్షల్లో ఫ్లోరైడ్‌కి దీటుగా నిలిచింది. మరి అదే వాడొచ్చు కదా అంటే, ఫ్లోరైడ్ వెనక దశాబ్దాల సాక్ష్యం, లక్షల మంది పిల్లల పళ్లు ఉన్నాయి, దీని వెనక ఇంకా అంత లేదు. ధర కూడా మామూలు పేస్టుకి కొన్ని రెట్లు. ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లవాళ్లకీ, ఎంత చెప్పినా ఫ్లోరైడ్ వద్దనేవాళ్లకీ ఇది మంచి దారి. మిగతావాళ్లు అదనపు ఖర్చు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం.

రెండోది కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్. పేరు నోరు తిరగదు కదా, ఇది ఒక రకం గాజుపొడి. 1969లో అమెరికాలో లారీ హెంచ్ అనే ప్రొఫెసర్ ఎముకకి అతుక్కునే గాజు కనిపెట్టారు, దాని నుంచి వచ్చిందే ఇది. లాలాజలం తగలగానే కాల్షియం, ఫాస్ఫేట్ వదిలి, వేరు దగ్గర తెరుచుకున్న సన్నటి రంధ్రాల మీద ఎనామిల్ లాంటి పొర వేస్తుంది. చిగురు కిందికి జారి, చల్లనీళ్లు తాగితే పన్ను జివ్వుమనేవాళ్లకి ఇది నేను ఎక్కువగా ఇస్తాను. ఫ్లోరైడ్ కూడా కలిపి వచ్చేదైతే ఇంకా మంచిది.

మూడోది పాల నుంచి తీసిన కేసిన్ ప్రొటీన్‌లో కాల్షియం ఫాస్ఫేట్ పట్టి ఉంచిన క్రీము. ఇది తోముకునే పేస్టు కాదు, తోముకున్నాక వేలితో రాసుకునేది. చిన్న ట్యూబే కొన్ని వందలుంటుంది. క్లిప్పులు తీయించుకున్నాక పళ్ల మీద మిగిలే తెల్ల మచ్చలకి డాక్టర్లు రాస్తుంటారు. పాలు పడని ఎలర్జీ ఉన్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు, చీటీ తెచ్చినా నేను ఒకసారి అడిగే ఇస్తాను.

ఆర్జినిన్ అనే పేరు కూడా కొన్నిటి మీద కనిపిస్తుంది. అది ఖనిజం కాదు, అమైనో ఆమ్లం. సుద్దలోని కాల్షియంతో కలిసి ఆ వేరు రంధ్రాలని మూస్తుంది. పొటాషియం నైట్రేట్ దారి ఇంకా వేరు, అది ఎనామిల్‌కి ఏమీ చేయదు, పంటి నరం స్పందనని తగ్గిస్తుంది, అదీ రెండు నుంచి నాలుగు వారాలు క్రమంగా వాడితేనే. నాలుగు రోజులు వాడి "ఏం పని చేయలేదండీ" అని తిరిగి తెచ్చేస్తారు. ఓపిక పట్టండి. ఒక్క పన్నే జివ్వుమంటుంటే మాత్రం ఓపిక పట్టొద్దు, అది పుచ్చో, పగులో అయి ఉండొచ్చు, చూపించుకోండి.

ఉప్పు, బొగ్గు, కచిక

ఉప్పు నీళ్లు పుక్కిలిస్తే వాచిన చిగురుకి హాయిగా ఉంటుంది, నిజమే. కానీ ఉప్పులో ఎనామిల్‌కి కావాల్సిన ఖనిజం ఏమీ లేదు. ఉప్పు పేస్టులో ఫ్లోరైడ్ కూడా ఉంటే ఆ మేలు ఫ్లోరైడ్‌దే, కాబట్టి రుచి నచ్చితే వాడుకోండి, వెనక ఫ్లోరైడ్ ఉందో లేదో చూసుకుని.

బొగ్గు పేస్టు విషయంలో నేనే ఒకసారి తప్పు చేశాను. ఒక కంపెనీ మనిషి షాపుకి వచ్చి "పళ్లు తెల్లబడతాయి, ఎనామిల్‌కి ఏమీ కాదు" అని గట్టిగా చెబితే నమ్మి మా తమ్ముడికి ఇచ్చాను. వాడికి గట్టిగా రుద్దే అలవాటు. ఏడాది తిరగకముందే చిగురు పక్కన పళ్లు అరిగి, చల్ల తాగితే జివ్వుమనడం మొదలైంది. బొగ్గు పైన పట్టిన టీ మరకని రుద్ది తీయగలదు, అంతే. పంటి అసలు రంగు మార్చలేదు. ఎనామిల్ పలచబడితే దాని కింద ఉన్న డెంటిన్ అనే పొర పసుపు బయటికి కనిపిస్తుంది, అంటే తెల్లబడాలని రుద్దినకొద్దీ పసుపే తేలుతుంది. పేస్టు గరుకుతనానికి ఆర్‌డీఏ అని ఒక కొలత ఉంది, 250 దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం, కానీ మన ట్యూబుల మీద ఆ అంకె మామూలుగా కనిపించదు. అందుకే తెల్లబరుస్తాం అని చెప్పే గరుకు పేస్టులు రోజూ వద్దని చెబుతున్నాను.

మా మామ్మ జీవితాంతం కచికతోనే తోముకుంది. పిడక కాల్చి, నూరి, కొంచెం ఉప్పు కలిపి పెట్టుకునేది, కొబ్బరి ఈనె చీల్చి నాలుక గీసుకునేది. "మా మామ్మకి ఒక్క పన్ను పుచ్చలేదు, ఈ పేస్టులొచ్చాకే ఈ రోగాలన్నీ" అని ఆ తరం గురించి చాలామంది అంటారు, నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే తెలిసింది ఏంటంటే, మామ్మ తీపి తిన్నది పండక్కీ పెళ్లికీ, టీ అలవాటు లేదు, బిస్కెట్టు ముట్టలేదు. కోతే లేదు, ఇక మేట దేనికి? కానీ ఆవిడ పళ్లు అరవై దాటేసరికి సగానికి అరిగిపోయి, పులిహోర తింటే కళ్లు మూసుకునేది. అది బూడిద, బొగ్గు గరుకు చేసిన పని. ఇటుకపొడి, ఇసుక ఇంకా దారుణం, ఇసుకలోని క్వార్ట్జ్ ఎనామిల్ కంటే గట్టిది.

వేపపుల్ల మాట అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, పాచి తీయడానికి మంచిదే, నమిలి కుచ్చులా చేసి మెల్లగా తోముకుంటే. ఖనిజం అందించదు. పొద్దున్న పుల్లతో తోముకునే పెద్దలు రాత్రికి ఫ్లోరైడ్ పేస్టు వాడితే రెండు మేళ్లూ దక్కుతాయి. ఆయుర్వేద పేస్టుల్లో ఎక్కువ వాటిలో ఫ్లోరైడ్ ఉండదు, లవంగం, మూలికలు చిగుళ్లకి, వాసనకి పనికొస్తాయి, పుచ్చు ఆపుతాయని నమ్మి పిల్లలకి అదొక్కటే వాడొద్దు.

ట్యూబు అడుగున ఆకుపచ్చ గీత ఉంటే సహజం, నల్ల గీత ఉంటే రసాయనం అనే మెసేజ్ కూడా నమ్మకండి. అది ఫ్యాక్టరీలో ట్యూబు ఎక్కడ కత్తిరించాలో మెషీనుకి చూపించే గుర్తు.

మరి మీ ఇంట్లో ఎవరికి ఏది?

పాలపన్ను రాగానే తోమడం మొదలుపెట్టండి. మూడేళ్ల లోపు పిల్లలకి 1000 పీపీఎం పేస్టే, కానీ బియ్యపు గింజంత. మూడు నుంచి ఆరేళ్లకి బఠాణీ గింజంత, పక్కన నిలబడి ఉమ్మించాలి. టీవీ ప్రకటనలో బ్రష్షు మీద అలలా నింపి చూపిస్తారే, అది చూసి మన పిల్లలూ అలాగే పెట్టుకుంటారు, అంత మింగితే వచ్చే పళ్ల మీద తెల్ల చారలు పడే అవకాశం ఉంది. ట్యూబు పిల్లల చేతికి అందనివ్వకండి. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకి ముందు పళ్లు పుచ్చడం నేను ఎన్నోసార్లు చూశాను, ఆ సీసా మానిపించకుండా ఎంత మంచి పేస్టు కొన్నా ఫలితం తక్కువే.

పులుపు ఎక్కువ తినేవాళ్ల సంగతి మన వైపు ప్రత్యేకంగా చెప్పాలి. ఆవకాయ, చింతపండు పులుసు, ఎండాకాలం పచ్చి మామిడికాయ ముక్కల మీద ఉప్పూ కారం, నిమ్మసోడా, పైన కూల్ డ్రింకు. నిమ్మరసం, కోలాల పీహెచ్ సుమారు 2.5, అక్కడ ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్ కూడా కరుగుతుంది. వీళ్లకి స్టానస్ ఫ్లోరైడ్ పేస్టు, మెత్తటి బ్రష్షు. పులుపు తిన్న వెంటనే తోముకోవద్దు, అప్పుడు పైపొర మెత్తబడి ఉంటుంది, రుద్దితే పోతుంది. నీళ్లతో పుక్కిలించి కనీసం అరగంట ఆగండి. కడుపుతో ఉండి వాంతులయ్యేవాళ్లకీ, గొంతులోకి పులితేన్పులు వచ్చేవాళ్లకీ ఇదే మాట. కొబ్బరినీళ్ల గురించి కోనసీమ నుంచి ఒకావిడ భయపడుతూ అడిగారు, దాని పీహెచ్ 5 చుట్టుపక్కల, కోలా ముందు అదెంత, హాయిగా తాగండి.

షుగరు, బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లలో కొందరికి నోరు ఎండిపోతుంది. లాలాజలం తగ్గిందంటే మేట వేసే నీరే తగ్గినట్టు, పైగా చిగురు జారి వేళ్లు బయటపడి ఉంటాయి, వేరు మీద ఎనామిల్ ఉండదు కాబట్టి అక్కడ పుచ్చు ఇంకా త్వరగా పడుతుంది. వీళ్లకి ఫ్లోరైడ్ తప్పనిసరి, జివ్వుమంటుంటే ఆ గాజుపొడి రకం ఫ్లోరైడ్‌తో కలిసినది. "ఈ వయసులో పళ్లకి ఇంకేం పేస్టులే" అని పక్కన పెట్టేస్తారు మన పెద్దలు, దయచేసి అలా వదిలేయకండి, అన్నం నమలలేకపోతే షుగరు అదుపులో పెట్టుకోవడం కూడా కష్టం కావచ్చు.

ఇక ఏ పేస్టు కొన్నా దాన్ని ఎలా వాడతారన్నది సగం ఫలితం. తోముకున్నాక నురుగు ఉమ్మేయండి, కానీ చెంబుడు నీళ్లతో పుక్కిలించి కడిగేయకండి. మనకి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు ఇది, మానడం కష్టం, తెలుసు. కానీ డబ్బు పెట్టి కొన్న ఫ్లోరైడ్ మొత్తం ఆ నీళ్లతో పోతుంది. నాకు మానడానికి రెండు వారాలు పట్టింది, ఇప్పుడు కడిగితేనే ఏదోలా ఉంటుంది.

రెండింటిలో ఒక పూటే కుదురుతుంది అంటే రాత్రి పూట ఎంచుకోండి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, ఎండాకాలం కాలువలు కట్టేసినట్టు. కాలువలు కట్టేసే ముందు ఊరి చెరువు నింపుకుంటాం కదా, పడుకునే ముందు పళ్ల మీద ఫ్లోరైడ్ నిలిపి పడుకోవడం అలాంటిదే. ఆ తర్వాత పాలు, అరటిపండు, బిళ్లలు వేసుకోవడానికి బెల్లం ముక్క, ఇవేవీ వద్దు, మంచినీళ్లు తప్ప.